బేస్తవారం ఒక్కటే

ఈనమ్ అనే మాట నేను మొదటిసారి ఆఫీసులో ఎత్తినప్పుడు మా బాస్ సుబ్బారెడ్డి సార్ దాన్ని ఇనాం అనుకున్నారు.

"ఇనామా? ఎవురిచ్చినారు విజయమ్మా? మా తాతల నాటి ఇనాం భూములే యాడికి పోయినాయో తెలీదు. నువ్వు కొత్తగా తెస్తాండావా?"

నేనూ, పక్క కుర్చీలో ఉన్న ఖాజా నవ్వాపుకోలేకపోయాం. సార్ కూడా నవ్వారు. కర్నూలులో ఇనుప సామాన్ల కొట్టు పైన రెండు గదులే మా కంపెనీ. సార్ భూములున్న ఇంట్లో పుట్టి, సేద్యం వదిలి కంప్యూటర్లలోకి వచ్చిన మనిషి. ఖాజాదీ నాదీ కడప. ప్రోగ్రాములు రాసేది మేమిద్దరమే.

ఉద్యోగం మానేశాక ఈ మధ్య ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు పిలిస్తే వెళ్ళాను. "ఈనమ్ ఎందుకమ్మా వాడతారు?" అని అడిగితే ముందు బెంచీలో అమ్మాయి టక్కున లేచి, "ఇంటర్వ్యూలో అడుగుతారు మేడం" అంది. నిజమే, అడుగుతారు. నాకు మాత్రం ఆ మాట వింటే ఆలూరు బస్టాండు దగ్గర బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీలు అమ్మిన ఈరన్న గుర్తుకొస్తాడు. ఆయన ప్రాణం కొన్నాళ్ళు మా ప్రోగ్రాంలో ఒక వారం పేరు మీద ఆడింది. ఆ అమ్మాయికి అక్కడ చెప్పడానికి టైము చాలలేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

పెట్టెలో ఏం రాసినా పడుతుంది

కొన్నిటికి లెక్క ముందే తేలిపోయి ఉంటుంది. వారానికి రోజులు ఏడే. ఎనిమిదోది ఎవరూ పుట్టించలేరు. ఇలాంటి వాటిని ప్రోగ్రాంలో ఎలా పెట్టుకోవాలన్నదే ఈనమ్ కథంతా. ఉన్నవాటి వరస ముందే రాసేసి, అందులోంచే ఎంచుకోనిస్తుంది ఈనమ్. అది లేక అంకెలుగా పెట్టుకుంటే, ఆదివారం ఒకటి, సోమవారం రెండు అనుకుంటూ పోవచ్చు. కానీ ఎవడో నలభై అని కొడితే యంత్రం "అదేం వారం నాయనా" అని అడగదు, తీసుకుంటుంది. మాటలుగా పెట్టుకుంటే ఇంకా చేటు. ఏ మాట పడితే ఆ మాట రాయొచ్చు.

మేం మాటలుగానే పెట్టాం. ఒక ట్రస్టు వాళ్ళు నడిపే డయాలసిస్ కేంద్రానికి ప్రోగ్రాం రాసిస్తున్నాం అప్పుడు. కిడ్నీలు పనిచేయని వాళ్ళ రక్తాన్ని యంత్రం కడిగి మళ్ళీ ఒంట్లోకి పంపిస్తుంది. ఒక్కో మనిషికి వారంలో ఫలానా రోజులని ఉంటాయి. ఆ రోజు తప్పితే ఒంట్లో నీరు దిగదు. కాళ్ళు వాస్తాయి, ఆయాసం వస్తుంది, ఇంకా తప్పితే మనిషే ఉండడు. పొద్దున్నే ఆ రోజు ఎవరెవరు రావాలో మా ప్రోగ్రాం కాగితం మీద పట్టీగా తీసివ్వాలి. పని అంతే.

తెర మీద ఒక్కో మనిషికీ ఉండే కార్డులో రోజు రాసే చోట సార్ ఖాళీ పెట్టె పెట్టించారు. "వాళ్ళకు నచ్చినట్ల రాసుకోనీ. పల్లె జనంతో పని, బిగబట్టగాకు" అన్నారు. మంచి మనసుతో అన్న మాటే. మంచి మనసుతో చేసిన ఖాళీ పెట్టెలు ఎన్ని కొంపలు ముంచాయో నేను చూశాను. అందుకే చెప్తున్నాను.

కేంద్రంలో పేర్లు ఎక్కించే వాళ్ళు ఇద్దరు. పొద్దున ఉండే సుజాతది గుంటూరు పక్క. ఆమె "గురువారం" అని కొట్టింది. మధ్యాహ్నం వచ్చే మాబున్నిది కర్నూలే. ఆమె "బేస్తవారం" అని కొట్టింది. బయటి వాళ్ళ కోసం చెప్తున్నా, రెండూ ఒకటే రోజు. మా సీమలో గురువారాన్ని బేస్తవారం అంటాం. నా చిన్నప్పుడు గురువారం అనేది రేడియోలో వచ్చే మాట, బేస్తవారం అనేది ఇంట్లో వచ్చే రోజు.

ఇది కంప్యూటరుకు ఎవరు చెప్పాలి? "గురువారం" వాళ్ళ పేర్లు ఇమ్మంటే సుజాత ఎక్కించిన పేర్లు మాత్రమే ఇచ్చింది.

ప్రోగ్రాం మొదలైన వారం కాబట్టి ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. వాకిట్లో ఒకామె గొంతు వినబడింది.

"పేరు లేదంటే యాడికి పోవల్లప్పా? మాది సోమారం, బేస్తారం. ఇన్నాళ్ళూ ఇదే గదా? తెల్లారి బస్సుకు ఆలూరు నుంచి వచ్చినాము. మా ఆయన కాళ్ళు సూడు ఎట్లుండాయో!"

ఆమె నాగమ్మ, ఈరన్న భార్య. ఈరన్న పక్కనే బెంచీ మీద కూర్చుని, "గెట్టిగా అరవద్దులే నాగమ్మా, వాళ్ళకు శానా పనుంటాది" అంటున్నాడు. ఆయన తీరే అంత. వాచిన కాళ్ళు చెప్పుల్లో పట్టక చెప్పులు చేత్తో పట్టుకుని ఉన్నాడు. నాగమ్మ కదల్లేదు. అప్పటికే యంత్రాలన్నీ వేరేవాళ్ళకు ఇచ్చేశారు. సాయంత్రం ఒకటి ఖాళీ అయ్యాక ఆయన్ని ఎక్కించారు. అందాకా ఆమె ఆ గుమ్మంలోనే నిలబడి ఉంది.

ఆఫీసుకు వచ్చి చెబితే సార్, "ఆ మాబున్నికి గురువారం అని రాయమని చెప్పు, పీడా పోతాది" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. "సార్, ఊరంతా బేస్తవారం అంటుంటే ఊరిని మార్చమంటారా, ప్రోగ్రాంను మార్చమంటారా?" అన్నాను.

"సరేలే తల్లీ, నీ ఇనామే తీసుకురా" అన్నారు.

ఎనిమిది రోజుల వారం

మేం ప్రోగ్రాములు రాసే భాషలో అప్పటికి ఈనమ్ లేదు. ఇప్పటి పిల్లలు ఒక్క లైను రాసి అయిపోయిందంటారు. మేం చేత్తో కట్టుకోవాల్సి వచ్చేది.

మొదటి రూపం ఖాజా రాశాడు. వాడి చేతి వేగం నాకు ఎప్పుడూ రాలేదు, కాదనను. మధ్యాహ్నానికల్లా తెచ్చి చూపించాడు. ఆదివారం, సోమవారం, మంగళవారం, బుధవారం, గురువారం, బేస్తవారం, శుక్రవారం, శనివారం. రెండు మాటలూ వచ్చాయి, ఎవరు ఏది రాసినా దొరుకుతుందని వాడి సంతోషం.

"ఒరే ఖాజా, వచ్చే వారం పట్టీ తియ్యి" అన్నాను.

తీశాడు. బుధవారం తర్వాత గురువారం, దాని తర్వాత బేస్తవారం, తర్వాత శుక్రవారం. శుక్రవారం వాళ్ళంతా శనివారానికి జరిగారు, ఆ పై వారం ఆదివారానికి. వాడు కాసేపు దాన్ని చూసి, "అక్కా, మన వారానికి ఎనిమిది రోజులొచ్చినాయి. ఆ ఎనిమిదోది మనకు సెలవు ఇయ్యమని సార్‌ను అడుగుదామా?" అన్నాడు.

"మీ అమ్మ బేస్తవారాన్ని ఏమంటుందిరా?"

"మా అమ్మా? ఉర్దూలో జుమేరాత్ అంటాది." అని, వాడే తల కొట్టుకున్నాడు. "ఓరి నాయనో, తొమ్మిది!"

నవ్వు నవ్వే గానీ, నేను ఈ వృత్తిలో నేర్చుకున్న పెద్ద సంగతి అక్కడే ఉంది. పేరు వేరు, వస్తువు వేరు. ఒక రోజుకు మూడు పేర్లుండొచ్చు. ఆలూరు పక్కకు పోతే ఒకే పేరు ముప్పై మందికి ఉంటుంది, కేంద్రంలోనే ఈరన్నలు ఇద్దరున్నారు. పేరును పట్టుకుంటే రెండు వైపులా మోసపోతాం. మనం పట్టుకోవాల్సింది వస్తువును.

కొత్తగా ఇద్దరం కూర్చుని రాశాం. "వారం" అని ఒక క్లాసు. క్లాసు అంటే వస్తువులు తయారుచేసే అచ్చు అనుకోండి. మామూలుగా ఆ అచ్చును ప్రోగ్రాంలో ఎవరైనా వాడి కొత్త వస్తువు తీసుకోవచ్చు. మేం ఆ తలుపు మూసేశాం. బయటివాళ్ళెవరూ కొత్త రోజును పుట్టించలేరు. లోపలే ఏడు వస్తువులను ఒకసారి తయారుచేసి పెట్టాం. ఎవరికి కావలసినా ఆ ఏడింట్లో ఒకదాన్నే చూపించాలి. ఒక్కో రోజుకూ దాని పేర్లన్నీ దానికే కట్టాం. గురువారం అన్నా, బేస్తవారం అన్నా, జుమేరాత్ అన్నా వచ్చేది ఆ ఒక్క వస్తువే. ఖాళీ పెట్టె తీసేసి, ఏడు రోజులు కనపడేట్టు పెట్టి, ఒకటి ఎంచుకోమన్నాం. తెర మీద మాత్రం బేస్తవారం అనే రాశాం. ఆ విషయంలో నేను మొండికేశాను.

ఇలా కట్టడంలో ఒక సుఖం ఉంది. రెండు రోజులు ఒకటేనా అని పోల్చడానికి అక్షరాలు చదవక్కర్లేదు. "ఇది దానిలాంటిదేనా?" అని కాదు, "ఇది అదేనా?" అని అడిగితే చాలు. ఉన్నదే ఒక్క బేస్తవారం, తేడా రావడానికి వీల్లేదు.

వీల్లేదని మేం అనుకున్నాం.

కడప నుంచి వచ్చిన బేస్తవారం

ఏడాది బాగానే నడిచింది. ఈరన్న సోమ, బేస్తవారాలు వచ్చేవాడు, పోయేవాడు. ఒంట్లో ఓపిక ఉన్న రోజున మాకూ ఉగ్గాని పొట్లాలు తెచ్చేవాడు. ట్రస్టు వాళ్ళు కడపలో ఇంకో కేంద్రం పెట్టారు. అక్కడి కార్డు ఇక్కడికి, ఇక్కడిది అక్కడికి ఫోను లైను మీద పంపాలన్నారు. ఖాజా రాశాడు, నేను చదివాను. కార్డును మూటకట్టి ఇటునుంచి పంపితే, అటువైపు ప్రోగ్రాం మూట విప్పుకుంటుంది.

"సార్, నిజం కార్డు ఒకటి కడప నుంచి రప్పించి, ఇక్కడ ఒక రోజు పట్టీ తీసి చూద్దాం" అన్నాను.

"ప్రారంభానికి మంత్రి వస్తాండాడు విజయమ్మా. రిబ్బను కట్ చేసినాక చూసుకోవచ్చులే."

రిబ్బను కట్ చేశారు. ఫోటోలు దిగారు. పరీక్ష సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తనివ్వలేదు. రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ "రేపు" అన్నారు. సుబ్బారెడ్డి సార్ చెడ్డవారు కాదు. కానీ పెద్దమనుషుల ముందు పని ఆగిపోయిందని చెప్పడం ఆయనకు చావుతో సమానం. ఇలాంటి బాసులు మీకూ దొరుకుతారు. అప్పుడు ఒక పని చేయండి, "వద్దు" అనే మాట వాళ్ళ ముందు కాదు, వాళ్ళ పెద్దమనుషుల ముందు అనండి. నేను ఆ తర్వాత నుంచి అలాగే చేశాను.

ఈరన్న కూతురికి కడపలో కాన్పు అయింది. ఈరన్నా నాగమ్మా ఇద్దరూ వెళ్ళారు. అప్పటికి కార్డులు లైను మీద పంపడం మొదలుపెట్టలేదు కాబట్టి ఆయన వివరాలు అక్కడివాళ్ళు చేత్తో ఎక్కించుకున్నారు. తిరిగొచ్చేసరికి మొదలుపెట్టారు. లైను మీద ప్రయాణం చేసి, ఇక్కడి పాత కార్డు చోట కూర్చున్న మొదటి కార్డు ఈరన్నదే. నాగమ్మ బాలింత దగ్గర ఉండిపోయింది. ఈరన్న సోమవారం కడపలో చేయించుకుని, ఆలూరు వెళ్ళి, బేస్తవారం ఒక్కడే కర్నూలు వచ్చాడు.

పట్టీలో ఆయన పేరు లేదు.

"రోజు మార్చినట్టుండారు పెద్దాయనా, సోమవారం రా" అన్నాడట పట్టీ చేతిలో ఉన్న కుర్రాడు. నాగమ్మ ఉంటే గుమ్మం కదిలేది కాదు. ఈరన్న, "సరేనప్పా" అని మళ్ళీ బస్సెక్కాడు.

శనివారం పక్కింటివాళ్ళు ఆయన్ని జీపులో వేసుకొచ్చారు. పడుకుంటే ఊపిరాడక, జీపులో కూర్చోబెట్టి పట్టుకుని తెచ్చారు. నేను కబురు తెలిసి వెళ్ళేసరికి ముక్కుకు గొట్టం ఉంది. పెదవులు నల్లబడ్డాయి. ఆయన నన్ను చూసి చెయ్యెత్తాడు. నమస్కారం పెట్టబోయాడని అర్థమై, బయటికొచ్చి గోడకు ఆనుకుని ఏడ్చాను. ఎవరి మీద కోపమో కూడా తెలియలేదు ఆ పూట.

ఖాజా ఆఫీసులో కంప్యూటరు ముందు నుంచి లేవలేదు. కార్డు తెరిస్తే తెర మీద శుభ్రంగా "సోమవారం, బేస్తవారం" అని కనబడుతోంది. పేర్లు సరే, లోపల ఆ రోజుకిచ్చిన అంకె సరే. చివరికి "ఇది అదేనా?" అని అడిగాడు. కాదు అంది యంత్రం.

"అక్కా, రెండో బేస్తవారం పుట్టింది."

మేం తలుపు మూశాం కదా అనుకున్నాం. మూట విప్పేటప్పుడు ఆ భాష తలుపు దగ్గరికే రాదు. మూటలో ఉన్నదాన్ని చూసి అచ్చం అలాంటిదే ఇంకొకటి నేరుగా తయారుచేసి పెడుతుంది. దానికి బేస్తవారం పోలికలన్నీ ఉన్నాయి. కానీ అది మా ఇంట్లో ఉన్న బేస్తవారం కాదు. పట్టీ తీసేది "అదేనా" అని అడుగుతుంది కాబట్టి ఈరన్నను వదిలేసింది. మాటల్లో పెట్టుకున్న రోజుల్లో పేరు మారి దెబ్బతీసింది, ఇప్పుడు పేరు మారకుండానే దెబ్బతీసింది.

సోమవారం నాగమ్మ మేడెక్కి వచ్చింది. బస్సు దిగి ఆసుపత్రికి పోయి, అక్కడి నుంచి నేరుగా మా దగ్గరికి.

"మీ మిషన్లో మా ఆయన బేస్తారం ఉండాదా, లేదా? ఒగటే మాట చెప్పండి."

సార్ ఏదో సర్దిచెప్పబోయారు. ఖాజా అడ్డొచ్చి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "ఉండాదమ్మా. గానీ మా తప్పు వల్ల అందులో రెండు బేస్తవారాలైనాయి. మీ ఆయనది రెండో దాంట్లో పడిపోయింది."

"రెండు బేస్తారాలేందప్పా? వారానికి ఒగటే గదా వచ్చేది! ఆయన ఆ ఒగదాని కోసరం బతుకుతాండాడు!"

సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆ మర్నాటి నుంచి మేం సరిచేసి, కడప కార్డు రప్పించి, చూసి, మళ్ళీ చూసేదాకా ఆయనే పొద్దున్నే కేంద్రం గుమ్మంలో నిలబడ్డారు. ఇస్త్రీ చొక్కాతో, వచ్చిన ప్రతివాళ్ళనూ "మీది ఏ వారమప్పా?" అని నోటితో అడిగి లోపలికి పంపారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అయినా పట్టుకున్నారు, ఆ మాట చెప్పాలి.

మందు చాలా చిన్నది. మూట విప్పగానే బయటికొచ్చిన దాన్ని అడగాలి, "నువ్వెవరు? బేస్తవారమా? అయితే నువ్వొద్దు, మా ఇంట్లో ఉన్నదాన్నే తీసుకుంటాం" అని. నాలుగు లైన్లు. ఆ భాష చేసినవాళ్ళు ఆ దారి ముందే పెట్టి ఉంచారు. మాకు దాని అవసరం అప్పుడు తెలిసింది.

మీకు పనికొచ్చేవి

తర్వాతి కాలంలో భాషలోకే ఈనమ్ వచ్చింది. మేం చేత్తో కట్టిన తలుపులు, మూట విప్పే జాగ్రత్తలు అన్నీ అందులోనే ఉన్నాయి. వాడండి, హాయిగా వాడండి. కష్టపడి చేత్తో కట్టమని చెప్పే చాదస్తం నాకు లేదు.

ఒక్కటి మాత్రం మీ మీదే ఉంది. ఒకటి ఈనమ్‌లో ఎన్నో వరసలో ఉందో ఆ అంకెను రికార్డులో భద్రపరచకండి. డయాలసిస్ యంత్రాల స్థితిని మేం ఖాళీ, నడుస్తోంది, చెడిపోయింది అని రాసుకుంటే, తర్వాత వచ్చిన ఒకతను మధ్యలో "కడుగుతున్నారు" అని చేర్చాడు. వరస జరిగి, చెడిపోయిన యంత్రాలన్నీ కడుగుతున్నట్టు కనబడ్డాయి. ఎంతసేపు కడుగుతారమ్మా అని నర్సు ఫోను చేస్తే తెలిసింది. కొత్తది చేర్చాలంటే చివర చేర్చండి, భద్రపరిచేటప్పుడు ఈనమ్‌లో ఉన్న పేరుతో భద్రపరచండి.

ఇంకోటి, కనబడిందల్లా ఈనమ్ చేయకండి. జిల్లాలను ఈనమ్‌గా రాసినవాడు నాకు తెలుసు. ఇవి మారేవి కావు మేడం అన్నాడు. నంద్యాల వేరే జిల్లా అయిన రోజు వాడి మొహం చూడాల్సింది! మనుషులు గీసే గీతలు మారతాయి. వారానికి ఏడు రోజులు మారవు. ఆ తేడా తెలిస్తే సగం పని వచ్చినట్టే.

ఈరన్న ఆ గండం గడిచి బయటపడ్డాడు. ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు బతికాడు. అంగడి ఇంకొకరికి అప్పజెప్పినా, మనవడిని చంకనేసుకుని కేంద్రానికి వచ్చేవాడు. ఆయన పేరు పట్టీలో తప్పలేదు మళ్ళీ.

ఒక రోజు పాత ప్రోగ్రాం తీసి కొత్తది పెట్టడానికి నేను కేంద్రంలో కూర్చుని ఉన్నాను. నాగమ్మ ఒక్కతే వచ్చింది. నా పక్కన బెంచీ మీద కూర్చుంది.

"పోయినాడమ్మా. నిద్దట్లోనే. ఏం కష్టపడల్యా."

ఆమె చేయి పట్టుకున్నాను.

"ఒగ మాట చెప్పిపోదామని వచ్చినా. ఆయన బేస్తారం ఖాళీగా పెట్టొద్దండి. బయట ఎవురో ముసిలామె కాళ్ళు వాచి కూసోనుండాది. ఆయమ్మకియ్యండి."

ఈరన్న కార్డు తెరిచి రోజులు తీసేశాను. వాకిట్లో కూర్చున్న ముసలామెను పిలిచి, ఆమె కార్డు తెరిచి, ఏడింట్లో ఒకటి ఎంచుకున్నాను. కొత్తగా ఏమీ పుట్టలేదు. ఈరన్నకు చూపించిన ఆ బేస్తవారాన్నే ప్రోగ్రాం ఆమెకూ చూపించింది.